ఆ గదిలోకి అందరినీ రానివ్వరా?

మీ ఉత్తరాలు – నా జవాబులు

కిందటి నెల కాలమ్‌లో, అట్లాంటాలో పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన రోజుల గురించి రాస్తూ, అక్కడ నల్లజాతి స్త్రీల కోసం జరిగిన రచయిత్రుల గోష్ఠుల సంగతి రెండు వాక్యాల్లో చెప్పాను. వాళ్లు మాట్లాడుకున్న విషయం పితృస్వామ్యం, చరిత్ర. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని మెచ్చుకోళ్లు, కొన్ని చీవాట్లు. చీవాట్లతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: ఒక జాతి వాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి మాత్రమే సభ పెట్టుకోవడం వివక్ష కాదా? ఇదే పని తెల్లవాళ్లు చేస్తే ఊరుకుంటామా? — రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: తలుపుకి ఎవరూ తాళం వేయలేదండీ. పబ్లిక్ లైబ్రరీలో ఫలానావాళ్లు రాకూడదని చెప్పే అధికారం మాకు లేదు. ఆ సాయంత్రం ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటు చేశారో పోస్టర్ మీద రాశారు, అంతే. నా పని కుర్చీలు వేయించడం, మైకు సరిచూడటం, టైమ్ అయ్యాక లైట్లు తీసేయడం. నా డెస్క్ ఆ గది బయటే. లోపలి మాటలు సగం వినబడేవి.

ఒకసారి ఒక తెల్లజాతి జంట వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మర్యాదస్తులే, నోరెత్తలేదు. అయినా గదిలో మాటతీరు మారిపోయింది. అంతవరకు "మా నాన్న", "మా పాస్టర్", "మా ఆయన" అంటూ మాట్లాడినవాళ్లు "మా సమాజంలో", "లెక్కల ప్రకారం చూస్తే" అనడం మొదలుపెట్టారు. గోష్ఠి అయ్యాక ఒక రిటైర్డ్ నర్సు కోటు తొడుక్కుంటూ నాతో అంది: "మాట్లాడదామని వచ్చాను. క్లాసు చెప్పి వెళ్తున్నాను." ఇంటి మగాళ్ల మీద ఆవిడకి కోపం ఉంది. కానీ ఆ మగాళ్లని ఎప్పుడు జైల్లో వేద్దామా అని చూసే లోకం ముందు ఆ కోపాన్ని పెట్టాలంటే నోరు రాలేదు. ఆ జాగ్రత్త అక్కర్లేకుండా రెండు గంటలు గడపడానికే ఆ గది.

ఇక తెల్లవాళ్లు ఇదే పని చేస్తే అన్నారు. చేశారు కదండీ. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. దక్షిణాది తెల్ల స్త్రీలు నొచ్చుకుంటారని, నల్లజాతి స్త్రీలని చివర నడవమన్నారు నిర్వాహకులు. షికాగో నుంచి వచ్చిన నల్లజాతి జర్నలిస్టు ఐడా బి. వెల్స్ కుదరదంది. ఊరేగింపు కదిలాక దారి పక్క జనంలోంచి బయటికి వచ్చి, తన ఇల్లినాయ్ బృందంలో కలిసి నడిచింది. 1920లో స్త్రీలకి ఓటు వచ్చింది. దక్షిణాదిలో చాలామంది నల్లజాతి స్త్రీలు ఆ ఓటు వేయడానికి 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్న: పితృస్వామ్యం అంటే తండ్రి, మొగుడి పెత్తనం. బానిసత్వంలో నల్లజాతి మగవాడికే ఏ పెత్తనమూ లేదు. మరి ఆ స్త్రీల విషయంలో పితృస్వామ్యం అని ఎలా అంటాం? — తెలుగు లెక్చరర్

జవాబు: ఈ నెల ఎక్కువ చోటు మీకేనండీ. ఆ గోష్ఠుల్లో కూడా ఎక్కువ సేపు నడిచింది ఈ చర్చే. మీరు ఇంటి లోపల వెతుకుతున్నారు. ముందు శాసనసభలో వెతకాలి.

వర్జీనియా అప్పట్లో ఇంగ్లండ్ వలస. 1643లో అక్కడి సభ తలపన్ను ఎవరెవరి మీద వేయాలో తేల్చింది. పదహారేళ్లు దాటిన మగవాళ్లందరి మీదా, పదహారేళ్లు దాటిన నల్లజాతి ఆడవాళ్ల మీదా అంది. ఇంగ్లీషు ఆడవాళ్ల ఊసు లేదు. అంటే తెల్ల స్త్రీ ఇంటి మనిషి, నల్ల స్త్రీ పొలంలో పనిచేసే చేతులు అని చట్టమే గీత గీసింది.

ఆ తర్వాత ఎలిజబెత్ కీ కథ. తల్లి ఆఫ్రికన్ బానిస, తండ్రి ఇంగ్లీషువాడు, సభలో సభ్యుడు కూడా. ఇంగ్లండ్ చట్టం ప్రకారం బిడ్డది తండ్రి హోదా. దాన్ని పట్టుకుని, నేను స్వతంత్రురాలిని అని ఆమె కోర్టుకెక్కింది. 1656లో గెలిచింది. ఆమె తరఫున వాదించిన విలియం గ్రిన్‌స్టెడ్‌నే పెళ్లి చేసుకుంది. సినిమాలా ఉంది కదూ. కానీ ఆ గెలుపు వర్జీనియా భూస్వాములకి టెన్షన్ తెచ్చిపెట్టింది. అలా తండ్రి పేరు చెప్పి ఇంకెంతమంది కోర్టుకి వస్తారో! 1662లో కొత్త చట్టం చేశారు: బిడ్డ బానిసా, స్వతంత్రురాలా అన్నది తల్లి హోదాని బట్టే.

ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న చట్టాల్లో ఆస్తి, వంశం, పేరు అన్నీ తండ్రి గుండానే నడుస్తాయి. అంతటి పునాదిని ఈ ఒక్క జాతి స్త్రీల దగ్గర మాత్రం తలకిందులు చేశారు. ఎందుకంటే చాలాసార్లు ఆ తండ్రి యజమానే. కొత్త చట్టంతో అతనికి తండ్రి బాధ్యత పోయింది, బిడ్డ మాత్రం ఆస్తిగా మిగిలింది. అమెరికాలోకి కొత్తగా బానిసల్ని తీసుకురావడం 1808 నుంచి నిషేధం. అయినా 1810 జనాభా లెక్కల్లో దాదాపు 12 లక్షలున్న బానిసలు 1860కి 40 లక్షలకి దగ్గరయ్యారు. ఓడలు కాదు, ఆ ఆడవాళ్ల కడుపులు పెంచిన సంఖ్య అది. ఆ పిల్లల్ని వేలంలో అమ్ముకుంది యజమానులు.

మిసోరీలో సీలియా అనే అమ్మాయి కేసు చదవండి. కోర్టు కాగితాల్లో ఆమెకి ఇంటిపేరు లేదు, ‘సీలియా, బానిస’ అనే ఉంటుంది. 1850లో, పద్నాలుగేళ్ల వయసులో, రాబర్ట్ న్యూసమ్ అనే ముసలి రైతు ఆమెని కొన్నాడు. భార్య పోయినవాడు. ఐదేళ్లు ఆ అమ్మాయిని వదల్లేదు. 1855 జూన్‌లో ఒక రాత్రి ఆమె క్యాబిన్‌కి వచ్చినప్పుడు కర్రతో కొట్టి చంపింది. ఏ స్త్రీనైనా ఆమె ఇష్టానికి విరుద్ధంగా లొంగదీసుకోవడం నేరమని మిసోరీ చట్టంలోనే ఉంది. ఆమె లాయర్లు అదే వాదించారు. ఆ చట్టం బానిస స్త్రీకి కూడా వర్తిస్తుందని జ్యూరీకి చెప్పడానికి జడ్జి ఒప్పుకోలేదు. 1855 డిసెంబర్ 21న ఉరితీశారు.

గోష్ఠిలో ఈ కేసు వచ్చినప్పుడు అందరూ న్యూసమ్ దగ్గర ఆగిపోయారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం జార్జి సంగతేమిటని అడిగింది. జార్జి కూడా అక్కడ బానిసే, సీలియా మనసిచ్చినవాడు. ముసలాడితో తెంచుకోకపోతే నేను నీతో ఉండనని ఆమెకి అల్టిమేటం ఇచ్చింది అతనే. ఆమె చేతిలో ఏముందని తెంచుకోవడానికి? తర్వాత విచారణలో ఆమె వైపు వేలు చూపించిందీ అతనే. అతని ప్రాణభయం నాకు అర్థమవుతుంది. కానీ లెక్చరర్ గారూ, మీ ప్రశ్నకి జవాబు అక్కడుంది. ఏ పెత్తనమూ లేనివాడు కూడా ఆమె దగ్గర మొగుడి అధికారాన్ని అడిగాడు, దొరకనందుకు ఆమెనే తప్పుపట్టాడు.

పన్ను వేయాల్సి వస్తే నల్లజాతి స్త్రీ మగవాడితో సమానం. పిల్లల్ని కనాల్సి వస్తే ఆడది. కాపాడాల్సి వస్తే ఆడదీ కాదు, మనిషీ కాదు, ఒక ఆస్తి. నేను చదివిన కాగితాల్లో పదే పదే కనబడింది ఇదే.

1865లో బానిసత్వం పోయాక వాళ్ల పెళ్లిళ్లకి చట్టబద్ధత వచ్చింది. దాంతోపాటు భార్య మీద, ఆమె కూలి మీద భర్తకి హక్కూ వచ్చింది. ఇంట్లో గొడవ ఆ కాగితాల మీద మొదలైందే. ఆ ఆడవాళ్లేమీ చూస్తూ కూర్చోలేదు. అట్లాంటాలో బట్టలుతికే ఆడవాళ్లు తెల్లవాళ్ల ఇళ్లకి వెళ్లి పనిచేయడం కంటే మూటలు ఇంటికి తెచ్చుకుని ఉతకడమే నయమనుకున్నారు. పిల్లలు కళ్లముందుంటారు, దొరల చేతులకి అందుబాటులో ఉండక్కర్లేదు. 1881 జూలైలో ఓ ఇరవై మంది సంఘం పెట్టి, పన్నెండు పౌండ్ల బట్టలకి ఒక డాలర్ ఇవ్వాలని సమ్మెకి దిగారు. మూడు వారాల్లో మూడు వేల మందయ్యారు. నగర పాలకులు ఇరవై ఐదు డాలర్ల లైసెన్సు ఫీజు అని బెదిరిస్తే, కట్టేస్తాం గానీ ఉతుకుడు పని మొత్తం మా చేతికివ్వండి అని మేయర్‌కి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అంటే నాకు మహా ఇష్టం.

ప్రశ్న: నల్లజాతి మగవాళ్లని చెట్లకి వేలాడదీసిన దేశంలో, ఆడవాళ్లు సొంత మగవాళ్ల మీద ఫిర్యాదులు చేయడం శత్రువుకి సాయం చేయడం కాదా? కోపగించుకోకండి అక్కా. — ఒక పాఠకుడు

జవాబు: కోపమేం లేదు తమ్ముడూ. ఆ స్త్రీలు మీకంటే ముందే ఈ ప్రశ్న వేసుకున్నారు. దాని బరువు వల్లే చాలామంది జీవితమంతా నోరు మూసుకున్నారు.

కానీ ఆ చెట్ల సంగతి లోకానికి చెప్పిందెవరు? పైన చెప్పిన ఐడా వెల్సే. 1892లో మెంఫిస్‌లో కిరాణా కొట్టు నడుపుకునే ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ని, ఇంకో ఇద్దరిని మూక చంపింది. తెల్ల స్త్రీల మాన రక్షణ కోసం ఈ హత్యలు అనే సాకు అబద్ధమని ఆమె పేర్లతో, ఊళ్లతో సహా రాసింది. ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు, ఆమె మళ్లీ మెంఫిస్‌లో ఉండలేకపోయింది. నల్లజాతి మగవాడి ప్రాణం కోసం అలా పోరాడినావిడే, అదే రచనల్లో, నల్లజాతి స్త్రీల మీద జరిగే అత్యాచారాలకి శిక్షే లేదని కూడా రాసింది. రెండూ ఆమెకి ఒకే పని.

1944లో అలబామాలోని అబ్బెవిల్లో రీసీ టేలర్ అనే ఇరవై నాలుగేళ్ల తల్లి చర్చి నుంచి నడిచి వస్తుంటే, కొందరు తెల్లవాళ్లు తుపాకీ చూపించి కారులో ఎక్కించుకుని పోయి సామూహిక అత్యాచారం చేశారు. కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందాలు, అంటే గ్రాండ్ జ్యూరీలు, రెండింటి ముందుకి వెళ్లినా కేసు నిలబడలేదు. ఆ కేసుని దర్యాప్తు చేయడానికి మాంట్‌గోమరీ నుంచి వెళ్లింది రోజా పార్క్స్. అవును, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వని ఆవిడే. పాఠ్యపుస్తకం ఆవిడని అలిసిపోయి కూర్చున్న కుట్టుపని మనిషిని చేసింది. బస్సుకి పదకొండేళ్ల ముందే ఆవిడ పల్లెలు తిరిగి సాక్ష్యాలు సేకరించింది. అలబామా శాసనసభ రీసీ టేలర్‌కి క్షమాపణ చెప్పింది 2011లో.

ఇప్పుడు సొంత మగవాళ్ల సంగతి. పౌర హక్కుల కోసం 1963 ఆగస్టు 28న జరిగిన వాషింగ్టన్ మహాప్రదర్శనలో ముఖ్య ప్రసంగాల్లో ఒక్కటి కూడా స్త్రీది కాదు. నిర్వాహక కమిటీలో ఉన్న ఏకైక మహిళ అన్నా హెడ్జ్‌మన్ ముందే అభ్యంతరం చెప్పింది. దాని ఫలితం, స్త్రీలకి నివాళి అని ఒక చిన్న అంశం. అందులో ఉద్యమ నాయకురాలు డెయిజీ బేట్స్ నాలుగు మాటలు చదివి కూర్చుంది. ఇంకో నాయకురాలు డొరతీ హైట్ వేదిక మీద ఉండీ మాట్లాడలేదు. ఈ వేదికల ముందుకి కావాల్సిన జనాన్ని కదిలించింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే.

చర్చిలోనూ అంతే. జరీనా లీ అనే ఆవిడ 19వ శతాబ్దం మొదట్లో ఫిలడెల్ఫియాలో ప్రసంగించడానికి అనుమతి అడిగితే, నల్లవాళ్లు తమ కోసం పెట్టుకున్న చర్చిలోనే కాదన్నారు. 1819లో ఒకరోజు ప్రసంగిస్తున్న పాస్టర్ మధ్యలో తడబడితే ఈవిడ లేచి అందుకుంది. అది విన్నాక రిచర్డ్ అలెన్ బిషప్ ఒప్పుకున్నాడు. ఆ చర్చిలో మొదటి మహిళా బిషప్ రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది!

ఇంకో పక్క ప్రభుత్వం ఏమంది? 1965లో కార్మిక శాఖ అధికారి డేనియల్ పాట్రిక్ మోయ్నిహాన్ ఒక నివేదిక రాశాడు. నల్లజాతి కుటుంబాల్లో ఆడవాళ్ల పెత్తనం ఉందట, అది ఆ జాతి ఎదుగుదలకి అడ్డమట. 1938 కనీస వేతన చట్టంలోంచి ఇంటి పనివాళ్లని, వ్యవసాయ కూలీలని బయటపెట్టి, ఇంటి పనివాళ్లకి 1974 దాకా ఆ వేతనం దక్కనీయని దేశం, ఆ ఇళ్లలో పనిచేసి పిల్లల్ని సాకినావిడనే దోషిని చేసింది. అలా బయటివాళ్లు నిందించినప్పుడు ఇంట్లో మగవాళ్లలోనూ కొందరు తలూపారు. గోష్ఠిలో బాగా గొంతులు లేచింది ఈ చోటే. ఒకావిడ "మా అన్నయ్య ఆ నివేదిక చదవలేదు, కానీ రోజూ భోజనాల దగ్గర దాన్నే అప్పజెప్పేవాడు" అంది. గది ఘొల్లుమంది.

శత్రువుకి సాయం అన్నారు. ఎవరు మౌనంగా ఉంటే ఎవరికి సాయమో మీరే ఆలోచించండి తమ్ముడూ.

ప్రశ్న: "నేను స్త్రీని కానా?" అని సోజర్నర్ ట్రూత్ గర్జించిందని మా అమ్మాయి ఉపన్యాస పోటీకి రాసుకుంది. నిజమేనా? — ఒక తల్లి

జవాబు: ట్రూత్ ఒకప్పుడు బానిస, తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా, స్త్రీల హక్కుల కోసం ఊరూరా మాట్లాడినావిడ. 1851లో ఒహాయోలోని ఏక్రన్‌లో ఆమె ప్రసంగించింది, అది నిజం. నెల తిరక్కుండా పత్రికలో వచ్చిన పాఠంలో ఆ వాక్యం లేదు. పన్నెండేళ్ల తర్వాత 1863లో ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్ల రచయిత్రి రాసిన పాఠంలో అది నాలుగుసార్లు వస్తుంది, పైగా దక్షిణాది యాసలో. ట్రూత్ పుట్టింది న్యూయార్క్‌లో, చిన్నప్పుడు మాట్లాడింది డచ్చి. మీ అమ్మాయిని ఇంకో సంగతి చెప్పమనండి: చట్టవిరుద్ధంగా అలబామాకి అమ్మేసిన తన కొడుకు పీటర్ కోసం ఆమె కోర్టుకి వెళ్లి, 1828లో గెలిచి వాడిని తెచ్చుకుంది. పోటీలో అది ఇంకెవరూ చెప్పరు.

ప్రశ్న: ఇంటర్‌సెక్షనాలిటీ మీద పదిహేను మార్కుల ప్రశ్న వస్తుందట. గైడు చదివితే తల తిరుగుతోంది. ఒక ఉదాహరణ చెప్పండి మేడమ్. — ఎం.ఏ. విద్యార్థిని

జవాబు: గైడు పక్కన పెట్టమ్మా. జాతి, ఆడతనం లాంటి వాటి మీద వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటాన్నే ఇంటర్‌సెక్షనాలిటీ అంటారు. జనరల్ మోటార్స్ కంపెనీ మీద ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్, మరో నలుగురు నల్లజాతి స్త్రీలు కేసు వేశారు. 1964కి ముందు కంపెనీ వాళ్లలాంటివాళ్లని తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్లని ముందు తీసేయడంతో ఉద్యోగాలు పోయింది వాళ్లకే. 1976లో కోర్టు ఏమంది? కంపెనీ ఆడవాళ్లని ముందునుంచే తీసుకుంది కాబట్టి స్త్రీ వివక్ష కాదు. జాతి వివక్ష అంటారా, కంపెనీ మీద ఆ కేసు వేరే ఉంది, అందులో కలవండి. రెండూ కలిపి అడిగే వీలు లేదు. ముందు నుంచి ఉన్న ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు. 1989లో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లే క్రెన్‌షా ఇలాంటి తీర్పులనే తీసుకుని ఆ సిద్ధాంతం రాసింది. ఇంకో రెండు మార్కులు కావాలంటే, బోస్టన్‌లోని నల్లజాతి స్త్రీవాదుల బృందం కాంబహీ రివర్ కలెక్టివ్ 1977 ప్రకటన రాయి. తానూ బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ టబ్మన్ 1863లో ఏడు వందల మందికి పైగా బానిసల్ని విడిపించిన నది పేరే ఆ బృందం పెట్టుకుంది.

ప్రశ్న: అదంతా గతం. తవ్వుకుంటూ కూర్చుంటే ఎవరికి లాభం? — పేరు రాయలేదు

జవాబు: 1840ల్లో అలబామాలో మేరియన్ సిమ్స్ అనే డాక్టరు అనార్కా, లూసీ, బెట్సీ అనే బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసి విద్య నేర్చుకున్నాడు. అనార్కా ఒక్కదానికే దాదాపు ముప్పై. అతని విగ్రహం న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2018 దాకా ఉంది. 1961లో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ కణితి తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరితే, అడక్కుండా గర్భసంచే తీసేశారు. మరుసటి ఏడు ఆవిడ ఓటు నమోదుకి వెళ్లింది, తర్వాత ఓటు హక్కు ఉద్యమంలో పెద్ద నాయకురాలైంది. 2022లో అమెరికాలో లక్ష ప్రసవాలకి తల్లుల మరణాలు తెల్లవాళ్లలో 19, నల్లవాళ్లలో 49.5. నేను చెప్పిన నర్సు ప్రసవాల వార్డులోనే పనిచేసింది. గోష్ఠికి ఒక్కటి కూడా తప్పకుండా ఎందుకొచ్చేదో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: ఒక్క పుస్తకంతో మొదలుపెట్టాలంటే ఏది? ఇంగ్లీషు ఓ మాదిరిగా వచ్చు. — గృహిణి

జవాబు: బానిసగా పుట్టిన హారియెట్ జేకబ్స్ ఆత్మకథ ‘ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్’, 1861లో వచ్చింది. పేరు మార్చుకుని రాసింది. అంత బాగా బానిస స్త్రీ రాయగలదా అని చాలాకాలం దాన్ని కల్పిత కథ కింద కొట్టిపారేశారు. 1980ల్లో జీన్ ఫేగన్ యెలిన్ అనే పరిశోధకురాలు పాత ఉత్తరాలు, రికార్డులు వెతికి, అందులోని మనుషులు నిజమేనని నిరూపించింది. యజమాని బారి నుంచి తప్పించుకోవడానికి జేకబ్స్ నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద దాదాపు ఏడేళ్లు దాక్కుంది. తొమ్మిది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎత్తు మహా అయితే మూడడుగులు. ఆమె పిల్లల తండ్రి ఒక తెల్ల లాయరు. ఆమె అందులో ఉండగానే అతను అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యుడయ్యాడు, పిల్లల్ని కొన్నాడు గానీ మాటిచ్చినట్టు వెంటనే విడుదల చేయలేదు.

నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్‌తో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. ఆవిడ వాదన చురుగ్గా ఉంటుంది, పితృస్వామ్యాన్ని ఆడవాళ్లు కూడా మోస్తారని మొహమాటం లేకుండా చెబుతుంది. అయితే ఆవిడ ఎవరి తరఫున మాట్లాడుతోందో ముందు తెలిస్తే బాగుంటుంది. అందుకే జేకబ్స్ తర్వాత చదవండి. జేకబ్స్ పుస్తకానికి కాపీరైట్ లేదు, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా సైటులో మొత్తం ఉచితంగా ఉంది. అధ్యాయాలు చిన్నవి. మొదట్లో భాష కష్టమనిపిస్తే నేరుగా 21వ అధ్యాయానికి వెళ్లండి. ఆ పైకప్పు సంగతి అక్కడుంది.